బెలార్మీనో మామ స్కీలు

ఎడెల్మీరా అత్తా, ఫాదర్ అన్సెల్మో, కొండ కింద నుంచి బస్సులో వచ్చినవాళ్ళూ, కొండ మీద నుంచి గుర్రాలెక్కి దిగినవాళ్ళూ, అందరికీ దండాలు. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకి జరగండి. ఆ తలుపు మూసెయ్యండి, చలి లోపలికొచ్చేస్తోంది. చలి వస్తోంది గానీ మంచు మాత్రం రావట్లేదు. అది వేరే గొడవ, దాని దగ్గరికీ వస్తాను.

పొద్దున మన బెలార్మీనో మామని మట్టిలో దాచుకొచ్చాం. ఈ కురాలెము ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ స్కీల మీద మొదటిసారి పడ్డప్పుడు, లేవదీసిన చెయ్యి ఆయనది. లేవదీసే ముందు కడుపారా నవ్విన నోరు కూడా ఆయనదే. ఇక్కడున్నవాళ్ళలో ఆయన నవ్వకుండా వదిలిపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా? ఒక్కరూ లేరు. ఫాదర్ కూడా ఎత్తలేదు.

నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడమన్నవాళ్ళే మళ్ళీ నన్ను పక్కకి లాగి, "ఒరేయ్ నిబాల్దో, నీకు పుణ్యముంటుంది, ఇవాళ ఒక్కరోజు వెటకారం మానెయ్యి" అన్నారు. నేను ప్రయత్నిస్తాను. మాటిచ్చానని మాత్రం అనుకోకండి.

నా చేతిలో కాగితం లేదు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, మీకందరికీ తెలుసు. ఎలా మానేశానో కూడా తెలుసా? ఆ రోజు మంచు పడుతోంది. టీచరమ్మ బోర్డు మీద ఏవో లెక్కలు రాస్తోంది. కిటికీలోంచి చూస్తే, ఎదురుగా బెలార్మీనో మామ, మనల్ని వాలు మీదికి లాగే తాడు లిఫ్టు ఇంజన్ స్టార్ట్ చేస్తున్నాడు. "టీచర్, ఒక్క నిమిషం బయటికెళ్ళొస్తాను" అన్నాను. ఆ ఒక్క నిమిషం ఇంకా అవలేదు. టీచరమ్మ అదిగో, రెండో వరుసలో కూర్చుంది. టీచర్, వచ్చేస్తున్నాను, ఇంకొంచెం సేపు.

సరే. ఇప్పుడు అసలు విషయం. బయట కట్టెలు పేర్చి ఉన్నాయి. గోడకి మామ స్కీలు ఆనించి ఉన్నాయి. మీరందరూ లోపలికొస్తూ వాటిని చూశారు. చూడనట్టు నటించారు. పొద్దున్నుంచీ శవపేటిక మోస్తూ కూడా గుసగుసలాడుకున్నది వాటి గురించే. నేనూ మోశాను కదా, నాకు చెవులున్నాయి. ముందు మోస్తున్నవాడు "కాల్చాలి" అంటాడు. వెనక మోస్తున్నవాడు "నోర్మూసుకో, వాటిని ఈ గదిలో గోడకి తగిలించాలి" అంటాడు. మధ్యలో మామ. ఆయన గనక లేచి ఉంటే ఇద్దరినీ దింపి ఒకే ఒక్క తాపు తన్నేవాడు.

రెండు చలికాలాలుగా మనకి మంచు సరిగా లేదు. ఈ ఏడు కూడా పడకపోతే లిఫ్టు తాడు విప్పేసి, ఇంజన్ అమ్మేసి, ఈ గదికి తాళం వేసేద్దామని మన స్కీ క్లబ్బు మీటింగులో అందరం కలిసి తీర్మానం చేశాం. ఏడుస్తూనే చేశాం, కానీ చేశాం. అందుకే మంచు కోసం ఈ ఏడు వేసే మంట మామూలు మంట కాదు. అందుకే ఆ స్కీల గురించి ఇంత తగువు. ఆ తగువు తీర్చేది నేను కాదు, ఫాదర్ కాదు, క్లబ్బు కాదు. తీర్చేది ఎడెల్మీరా అత్త. ఆవిడ పొద్దున స్మశానం గేటు దగ్గర నా చెవిలో ఒక మాట చెప్పింది. ఆ మాట చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరంతా సూప్ గిన్నె దగ్గరికి పోతారు, నా ప్రసంగం కుక్క వింటుంది.

అయ్యలారా, అమ్మలారా, జూన్ వచ్చి చలికాలం మొదలైందంటే మన ఊరివాళ్ళు మనుషుల్లా ఉంటారా? ఎదుటివాడితో మాట్లాడుతూ వాడి నెత్తి మీదుగా ఆకాశం చూస్తాం. పెళ్ళాం పిలిస్తే పలకం, ఉత్తరపు గాలి కొడితే మాత్రం వీధిలోకి పరిగెడతాం. అటక మీద నుంచి స్కీలు దించుతాం. ఇస్త్రీపెట్టె వేడి చేసి వాటికి మైనం పట్టిస్తాం, అదే పెట్టెతో ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటాం. ప్రార్థనలో బెంచీకి ఆనుకుంటే వీపు జారుతుంటుంది. ఫాదర్‌కి తెలుసు. వేదిక మీద నుంచి చూస్తే జూన్ నెలంతా జనం ఒక్కొక్కరే కిందికి జారిపోతూ కనిపిస్తారట.

మంచొస్తుందనడానికి గుర్తుగా ఒకడు మోకాలు నొప్పెడుతోందంటాడు, ఒకావిడ ఎలకలు ఇంట్లోకొచ్చేశాయంటుంది, ఇంకొకరు చోరోయ్ చిలకలు అడవిలోంచి కిందికి దిగాయంటారు. మరి మన మామ? మామని ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "గురువారం." సోమవారం అడిగినా గురువారమే. శుక్రవారం అడిగినా గురువారమే. ఎండ మండిపోతున్న జనవరిలో నేను ఆటపట్టించడానికి, "మామా, మంచెప్పుడు?" అంటే, చొక్కా విప్పుకుని విసురుకుంటూ, "గురువారం రా. దుప్పటి తీసిపెట్టుకో" అనేవాడు.

ఎన్ని గురువారాలు తప్పాయో ఎవరు చెప్పగలరు? అయినా మనం బుధవారం రాగానే బూట్లు పొయ్యి దగ్గర ఆరబెట్టుకునేవాళ్ళం. మానేశామా ఎప్పుడైనా? మానలేదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆ మంట గురించి చెప్పాలి. కింద నుంచి వచ్చిన చుట్టాలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మన ఊళ్ళో సీజన్ మొదలవకముందు ఒక జత స్కీలు కాలుస్తాం. పొగ కొండెక్కుతుంది, కొండ చూస్తుంది, మంచు పంపిస్తుంది. ఇదీ లెక్క. మా తాతల కాలం నుంచీ ఇదే. ఫాదర్ దీన్ని ఒప్పుకోడు, కానీ ప్రతి ఏడూ వచ్చి చలి కాచుకుంటాడు.

ఒకప్పుడు మనం ఏం కాల్చేవాళ్ళం? చెత్త. నిజం మాట్లాడుకుందాం. పగిలిపోయినవి, పురుగు తిన్నవి, కోళ్ళగూటికి తలుపుగా కూడా పనికిరానివి. మంట పెట్టే పెద్ద బెలార్మీనో మామే. అప్పుడు ఫాదర్ అన్సెల్మో మన ఊరికి కొత్త. కుర్రాడు. జుట్టు ఉండేది. తెమూకో పట్నం వెళ్ళి, మెరిసిపోయే కొత్త ఎర్ర స్కీలు కొనుక్కొచ్చాడు. ఊరంతా చూసింది. తిరునాళ్ళలో దేవుణ్ణి ఊరేగించినట్టు భుజాన పెట్టుకుని ఊరేగించాడు. నేరుగా మంట దగ్గరికే వచ్చాడు. వచ్చినవాడు వాటిని ఎక్కడ పెట్టాలి? కట్టెల కుప్పకి ఆనించాడు. ఆనించి, నారింజ ముక్కలేసి కాచిన వేడి వైన్ ఒక్క గుక్క తాగొస్తానని ఈ గదిలోకొచ్చాడు.

ఒక్క గుక్క అన్నాడు. ఫాదర్, గుక్క పొడుగెంతో నేను చెప్పను.

బయట సాయంత్రం చీకటి పడుతోంది. మామకి కళ్ళజోడు లేదు. కుప్పకి ఆనించిన స్కీలంటే ఏమిటి? కాల్చడానికి తెచ్చినవి. చేతికి తీసుకున్నాడు, "ఈసారి ఎవడో మంచివే ఇచ్చాడర్రా, పుణ్యాత్ముడు" అన్నాడు, విసిరేశాడు. కొత్త మైనం కదా, భగ్గుమన్నాయి. అంత అందమైన మంట ఈ ఊరు ముందెప్పుడూ చూడలేదు. అందరం చప్పట్లు కొట్టాం. లోపల్నుంచి ఫాదర్ కూడా గ్లాసు పట్టుకుని వచ్చాడు, చూశాడు, తనూ చప్పట్లు కొట్టాడు. కొడుతూ కొడుతూ ఆగాడు. ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. తరవాత ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఏ ప్రార్థన పుస్తకంలోనూ ఉండదు.

వాటిని అక్కడ పెట్టింది నేనేనని ఇప్పటికీ కొందరంటారు. కాదు. ఒట్టు. ఈ ఊళ్ళో ఏ గొర్రె తప్పిపోయినా నామీదే అనుమానం, కానీ ఆ సాయంత్రం నేను ఇంజన్ గదిలో గ్రీజు పూస్తున్నాను. సాక్షి ఎడెల్మీరా అత్త. చూడండి, తలాడిస్తోంది.

ఆ తరవాత ఏమైంది? మంచు. అదే వారంలో మొదలైంది, ఆగలేదు. పడింది, పడింది, పడుతూనే ఉంది. ఆ చలికాలాన్ని మనం ఇప్పటికీ ఏమంటాం? ఫాదర్ చలికాలం. కంచెలు పోయాయి, గేట్లు పోయాయి, ఈ గది తలుపు పోయింది. అదిగో, ఆ పై కిటికీలోంచి లోపలికి దిగేవాళ్ళం, నిచ్చెన వేసుకుని. టీచరమ్మ బడి పైకప్పు ఎక్కి నిలబడి, "బడికి సెలవు" అని కేకేస్తే ఊరంతా వినబడింది. నాకు మాత్రం ఏ లాభమూ లేదు, నేనప్పటికే మానేశాను.

ఆ ఆదివారం ఫాదర్ ఏమన్నాడో గుర్తుందా? "ఈ ఊళ్ళో మంచు కావాలంటే దేవుణ్ణి అడగరు, నా స్కీలనడుగుతారు" అన్నాడు. ఆ చలికాలమంతా ఆయన అరువు స్కీల మీద తిరిగాడు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎటు బయల్దేరినా ఎడంపక్కకే తిరిగిపోయేవాడు. ఎడంపక్క ఇళ్ళవాళ్ళకి ఆ ఏడు పుణ్యం ఎక్కువొచ్చింది.

అప్పుడే మామ మనకో చట్టం చేశాడు. ఈ మంట చుట్టూ నిలబెట్టి చెప్పాడు: "కొండకి చెత్త వద్దర్రా. ఎవరో ఒకరు ఏడిస్తేనే మంచు." అప్పట్నుంచీ మనం ప్రేమగా చూసుకున్నవే ఇస్తున్నాం. రొట్టెల బట్టీ ఆయన పెళ్ళికొచ్చినవి ఇచ్చాడు, వెనక్కి తిరిగి ముక్కు చీదుకున్నాడు. నేను నా నీలం స్కీలు ఇచ్చాను. వాటి మీద వెళ్ళి నేను గుద్దుకోని చెట్టు లేదు. అందరం ఇచ్చాం, వంతులవారీగా.

మరి మామ? అందరి స్కీలూ నిప్పులో వేసిన మనిషి, తనవి ఇచ్చాడా? ఇవ్వలేదు! ప్రతి ఏడూ ఒక సాకు. "చెక్క తడిగా ఉంది, అంటుకోదు." "ఇవి లెంగా చెక్క, పొగ ఎక్కువ." "ఇవింకా బతికే ఉన్నాయి, బతికున్నదాన్ని కాలుస్తారట్రా, పాపం కాదూ?" ఓ ఏడు మరీ దారుణం, "నాకు జ్వరం" అన్నాడు. మామా, జ్వరం నీకు, స్కీలకి కాదుగా!

ఎందుకివ్వలేదో నాకు తెలుసు. మీకూ తెలుసు. ఆ స్కీలు ఆయన పెళ్ళైన కొత్తలో సొంతంగా చెక్కుకున్నవి. చెక్కడం వచ్చు గానీ, ముందు కొసలు పైకి వంచడం ఒక్కడి వల్ల కాదు. వేడినీళ్ళలో ఉడకబెట్టి, మెత్తబడగానే ఇద్దరు పట్టుకుని వంచాలి. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె ఒకటే, పెళ్ళి సూప్ కాచినది. ఎడెల్మీరా అత్త పట్టుకుంది, ఆయన వంచాడు. ఆయనకి ఒళ్ళంతా చెమటలు, ఆవిడకి వేళ్ళ నిండా బొబ్బలు. ఆ తరవాత ఆ గిన్నెలో ఏం వండినా చెక్క వాసనే. కొత్త కోడలు వండిన సూప్ తాగి మామ నాన్న, "ఇందులో కోడి ఉందా, కుర్చీ ఉందా అమ్మా?" అన్నాడట. అత్త నవ్వుతోంది. నవ్వత్తా, ఇవాళ కూడా నవ్వచ్చు. ఆయన వద్దనడు.

ఆ స్కీల మీదే ఆయన చేసిన ఒక ఘనకార్యం ఉంది. అది కూడా ఫాదర్ చలికాలంలోదే. అత్తకి జలుబు చేసింది. రోడ్డు మూసుకుపోయింది, ఊళ్ళో కోళ్ళన్నీ అయిపోయాయి. కోడి సూప్ లేకుండా జలుబు ఎలా తగ్గుతుంది? "పైన ఒతీలియా వాళ్ళ దొడ్లో కోళ్ళున్నాయి, తెస్తాను" అని బయల్దేరాడు. వద్దన్నాం. విన్నాడా? నడుం లోతు మంచులో ఎక్కాడు. కోడిని కొన్నాడు, బతికున్నదే, మెడలో వేసుకున్న పోంచో కంబళి లోపల గుండెకి కట్టుకుని దిగడం మొదలెట్టాడు. మొదటి మలుపు బాగానే ఉంది. రెండో మలుపులో కోడి కదిలింది. కోడి కదిలితే మామ కదిలాడు. మామ కదిలితే మంచు కదిలింది. పైకి లేచి చూసుకుంటే ఒక కాలికి స్కీ ఉంది, రెండో కాలికి లేదు. ఎక్కడో కింద, మంచు లోపల.

ఇప్పుడు ఏం చెయ్యాలి? మీరైతే ఏం చేస్తారు? నేనైతే అక్కడే కూర్చుని కోడితో కలిసి ఏడ్చేవాణ్ణి. ఆయన ఒక్క కాలి మీద లేచాడు. రెండో కాలు గాల్లో పెట్టాడు. మేమంతా ఈ పై కిటికీలోంచి చూస్తున్నాం. కొంగలాగా, అరుస్తూ, పాడుతూ, ఒక్క స్కీ మీద ఆ కొండంతా దిగాడు! కిందికొచ్చి, మా ముందు ఆగి, పోంచో విప్పి, "కోడికి భయమేసింది, నాకు కాదు" అన్నాడు. ఆ కోడి ముఖం చూసి అత్త సూప్ వండలేకపోయింది. అది ముసల్దై, దానంతటది చచ్చిపోయింది, మర్యాదగా. జలుబు దానంతటదే తగ్గింది.

మరి పోయిన స్కీ? చలికాలమంతా మంచు కిందే ఉంది. అదెక్కడ తేలుతుందని ఊరంతా పందేలు. నవంబర్లో మంచు కరిగాక ఎక్కడ తేలింది? ఒతీలియా బంగాళాదుంపల మడిలో, నిటారుగా. మామ వెళ్ళి, "అమ్మాయ్, నా స్కీ" అంటే, ఒతీలియా నడుం మీద చేతులు పెట్టుకుని, "నా మడిలో మొలిచింది నాదే. చూడు, దానికి బఠాణీ తీగ కూడా పాకించాను" అంది! కోతలయ్యేదాకా ఇవ్వలేదు. ఆ వేసవంతా పెద్దమనిషి రోజూ వచ్చి, తన స్కీకి నీళ్ళు పోసి వెళ్ళేవాడు. ఒతీలియా, అవునా కాదా? నాకు తెలుసు, బఠాణీలు బాగా కాశాయి.

నవ్వుకున్నాం. బాగుంది. ఇప్పుడు ఇంకొకటి చెప్పాలి, అది కిందటి ఏడాదిది.

మంచు సీజన్ మొదలవగానే మనం ఏం చేస్తాం? మొదటి మంచు మీద ఎవడూ జారకూడదు. ముందు దాన్ని తొక్కాలి. ఊరంతా స్కీలు కట్టుకుని, వాలుకి అడ్డంగా తిరిగి, భుజం భుజం ఆనించి, పక్కకి పక్కకి అడుగులేస్తూ కింద నుంచి పైదాకా తొక్కాలి. అలా తొక్కిన మంచు గట్టిపడి సెప్టెంబరు దాకా నిలుస్తుంది. ఆ వరసకి ముందు నిలబడి కేకేసేది మామ. "అడుగు! ఇంకో అడుగు! నిబాల్దో, అది అడుగా, ఆవు వేసిన పేడా?" అది వింటే తప్ప సీజన్ మొదలైనట్టుండేది కాదు.

కిందటి ఏడు మంచు పడలేదు. వాలంతా ఎండుగడ్డి. పొద్దున పూట గడ్డి మీద నూగులాగా సన్నటి తెల్లదనం, అంతే, పది గంటలకి అదీ పోయేది. మామకి అప్పటికే ఊపిరి సరిగా ఆడట్లేదు. అయినా ఒక పొద్దున ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టాడు. "రండర్రా, తొక్కాలి." ఏం తొక్కాలి మామా? "వాలు తొక్కాలి." మంచేది మామా? "గురువారం."

ఎందుకెళ్ళామో తెలీదు. అందరం వెళ్ళాం. బూట్లతోనే అడ్డంగా నిలబడ్డాం, భుజం భుజం ఆనించి. గడ్డి మీద తొక్కాం, కింద నుంచి పైదాకా. లోయ అవతల పెద్ద రిసార్టుకి పోతున్న టూరిస్టులు కార్లాపి ఫోటోలు తీసుకున్నారు. ఆవులు గడ్డి నమలడం ఆపేసి మమ్మల్ని చూశాయి. వాటికి అనుమానమొచ్చింది, వీళ్ళు మన తిండి మీదికొచ్చారని. నేను నవ్వాపుకోలేక, "మామా, మనకి పిచ్చి పట్టిందంటావా?" అన్నాను. ఆయన ఆయాసపడుతూ, ఆగి, నా భుజం పట్టుకుని అన్నాడు: "మంచు ఎప్పుడొస్తుందో దానిష్టం రా. వచ్చేసరికి మనం అడుగు మర్చిపోయి ఉండకూడదు."

ఆ మాట తరవాత నేను జోకెయ్యలేదు. మీరు నమ్మరు గానీ, నిజం. అడుగేశాను.

ఆయన గురించి నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. మామ నోరు మూసుకోవడం ఎవరైనా చూశారా? నిద్రలో కూడా మాట్లాడతాడని అత్త అనేది. కానీ ఒక్క సందర్భంలో ఊరుకునేవాడు. ఇదే గదిలో పేకాట జోరుగా ఉండగా, ఎవడో ఎవణ్ణో తిడుతుండగా, ఉన్నట్టుండి వేలు పైకెత్తేవాడు. ఇలా. అంతే, తిట్టు సగంలో ఆగిపోయేది. ముక్క సగంలో ఆగిపోయేది. పసిపిల్లలు కూడా ఊరుకునేవాళ్ళు. "ఏం వినబడుతోంది మామా?" "ఏమీ వినబడట్లేదు. అదేరా. మంచు పడబోయే ముందు అలాగే ఉంటుంది."

నిజం చెప్పాలంటే వేలెత్తిన సగం సార్లు ఏమీ పడేది కాదు. బయటికెళ్ళి చూస్తే చుక్కలు మిలమిలలాడుతుండేవి. అయినా ఆ కాసేపు ఉందే, అందరం ఒకే వైపు చెవి పెట్టి, ఊపిరి బిగబట్టి, కోపాలు మర్చిపోయి... ఆ కాసేపు మనం చాలా మంచివాళ్ళం. మిగతా టైములో మనం ఎలాంటివాళ్ళమో ఫాదర్‌కి తెలుసు, చెప్పకూడదు గనక చెప్పట్లేదు.

కిందటి వారం ఆయన్ని చూడ్డానికెళ్ళాను. అత్త వేడి వేడి మాతే టీ కలిపి ఇచ్చింది. ఆయన మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు, కొండ కనబడేలా. మనిషి చిక్కిపోయాడు. అలవాటు కొద్దీ ఎగతాళికి దిగాను. "మామా, ఈసారి మంటలో ఎవరివి వేద్దాం? అందరి వంతులూ అయిపోయాయి, నీదొక్కటే మిగిలింది. మళ్ళీ జ్వరమంటావా?" అన్నాను. నవ్వాడు. దగ్గొచ్చింది, అయినా నవ్వాడు. "నన్నడక్కురా. మీ అత్తనడుగు. చెక్క నాదే గానీ, ఆ వంపు ఆవిడది" అన్నాడు.

లేచి వస్తుంటే, "మామా, మంచెప్పుడు?" అన్నాను. ఏమన్నాడో మీరే చెప్పండి.

అదీ. అదే అన్నాడు.

ఇప్పుడు అత్త చెప్పిన మాట. పొద్దున స్మశానం నుంచి వస్తుంటే కాల్చాలనేవాళ్ళు ఒక పక్క, తగిలించాలనేవాళ్ళు ఒక పక్క ఆవిడ వెంటపడుతున్నారు. గేటు దగ్గర ఆవిడ నా చెవి పట్టుకుంది. చెవిలో చెప్పడానికి కాదు, ముందు మెలిపెట్టడానికి. అదెందుకత్తా అంటే, "ఏదో ఒకటి చేసే ఉంటావులే" అంది. ఆ తరవాత చెప్పింది. ఆవిడ మాటలే చెబుతున్నాను, నావి కలపట్లేదు:

"ఒకటి కాల్చండి. ఒకటి నాకివ్వండి. రెండూ మీకిస్తే నాకేం మిగిలింది? రెండూ నేనే ఉంచుకుంటే మంచు రాదు, పిల్లలు దేని మీద జారతారు? ఒక్క స్కీ మీద రావడం ఆయనకి తెలుసు. రెండూ కాలిస్తే మాత్రం నడుచుకుంటూ రావాలి, ముసలాడికి అసలే మోకాళ్ళ నొప్పులు."

అదీ తీర్పు. ఇంక ఎవరైనా తగువు పెట్టుకుంటే ఆవిడతో పెట్టుకోండి. నా చెవి ఇంకా మండుతూనే ఉంది.

ఏది కాల్చాలో కూడా అడిగాను. బంగాళాదుంపల మడిలో మొలిచింది ఉంచుకుంటుందట. అది ఒకసారి పోయి తిరిగొచ్చింది, మళ్ళీ పంపించదట. ఆ రోజు ఆయన్ని కిందిదాకా తెచ్చిన రెండోది ఉందే, అది కాలుతుంది. కొండ మీద నుంచి దిగే దారి దానికి తెలుసు.

ఎవరో ఒకరు ఏడిస్తేనే మంచు అన్నాడు కదా మామ. చూడండి చుట్టూ. ఈ ఏడు కొండకి ఏం తక్కువ చేశాం?

ఇప్పుడు అందరూ లేవండి. ముసలివాళ్ళని లేవనెత్తండి. పిల్లల్ని ఎత్తుకోండి. నా వైపు చూడకండి, నాలో చూడ్డానికేముంది? పక్కకి తిరగండి, వాలు మీద నిలబడ్డట్టు, కొండ మీ ఎడమ భుజానికి ఉండేలా. ఇంకా దగ్గరగా. భుజం భుజం తగలాలి. ఒతీలియా, ఫాదర్ పక్కన నిలబడు, ఆయన ఇంకా ఎడంపక్కకే ఒరుగుతాడు. ఆ తలుపు ఇప్పుడు తెరవండి. చలి రానివ్వండి.

మౌనం పాటిద్దాం అనను. మౌనమంటే ఆయనకి పడేది కాదు. మామ వేలెత్తినప్పుడు ఊరుకున్నట్టు ఊరుకుందాం. చెవులు బయట పెట్టి. ఊపిరి బిగబట్టి.

ఇవాళ బుధవారం.

వేలెత్తుతున్నాను.